శనివారం ఉప్మా

హలో… ఆ, నేనేరా భాస్కరా, శైలజక్కనే. సెప్పు.

…ఇంకా పవరున్న మాత్రలా? మెగ్నీషియంవా? ఎందుకు, శ్రీకాకుళంలో మందుల షాపులు మూసీసినారేటి, ఇజీనగరం నుంచి నేను పంపడానికి?

…పని సెయ్యట్లేదా.

గౌరికి మళ్ళీ పిక్కలు పట్టీసినాయా? …ఏటీ, స్కూటీ మీదుండగానా! పడిపోనాదా? …సెయ్యి గీసుకుపోనాదా. ఇరగనేదు కదా? …పొద్దున్న పడితే ఇప్పుడా నాకు సెప్పడం!

ఆగు. పెళ్ళానికి రోజుకెన్ని మాత్రలు మింగిస్తన్నావు? …డాక్టరు ఒకటే కదరా రాసినాడు! రెండెవుడు సెప్పినాడు? …వీడియోలో సూసినావా. బాగుంది. వీడియోలు సూసి మందేసే మొగుడు దొరికినాడు దానికి. మరి కడుపు కదుల్తున్నాదా? …కదలదేటి! ఆ మాత్ర ఎక్కువైతే ఇరోసనాలే. మింగిందంతా బయటికి పోతే ఇంక ఒంటికేటి పడతాది?

…అరవకు. నాకు సెవుడు నేదు.

డాక్టరు ముందల నువ్వూ నేనూ కూకున్నాం కదరా. ఏటన్నాడు? దానికి గోదుమ పడదు, పేగు పాడైపోనాది, గోదుమ పూర్తిగా మానితేనే మాత్ర ఒంటబడతాది అన్నాడా నేదా? …మానీసింది. సపాతీ? …బిస్కట్లు? …పరోటా? …అబ్బో, అన్నీ మానిపించీసినావు. శభాష్.

మరా గరిటి సప్పుడేటి? పొయ్యి మీద ఏటున్నాది?

…ఉప్మా.

ఎవరికి? …గౌరికా!

ఒరే. ఒరే భాస్కరా. దేంతో సేస్తన్నావది? …బొంబాయి రవ్వ. గోదుమ కాదు. అలాగా! మరేటి, బొంబాయిలో సెట్లకి కాస్తాదేటి? గోదుమలు మరాడితే వచ్చిందే కదరా అది! డిగ్రీ సదివినావు, మెడలో ఐడీ కార్డేసుకుని ఆఫీసుకెల్తావు…

…తెలీదు. సరే. రోజూ పెడతన్నావా? …శనివారాలేనా? శనివారం ఏటి ప్రత్యేకం?

…

ఎవరు మొక్కినారు? …నువ్వా! దానికి తగ్గీ వరకూ శనివారం రాత్రి అన్నం ముట్టదనీసి. నోరు దానిది, మొక్కు నీది.

అన్నం దానికి పడతాదిరా! పడీది మానిపించీసి, పలారమనీసి పడంది పెట్టి, మీద రెండు మాత్రలు. దేవుడు కూడా తల పట్టుకుంటాడు నీ భక్తికి.

…మొక్కు తప్పితే పాపమా? ఆ పాపం మీ అక్క కాతాలో రాసీమను. నేదంటే ఆ ఉప్మా నువ్వు తిను, శనివారం అన్నం నువ్వు మానీ. మొక్కినోడివి నువ్వే కదా!



…భయమేసి మొక్కినావా. నాకూ భయంగానే ఉందిరా. అందుకే తిడతన్నాను. ఫోను దానికియ్యి.

గౌరీ… నేనే, వదిన్ని. కాలెలాగున్నాదే? …సెయ్యి మంటా? మందు రాసినావా? …ఆ. ఉప్మా సంగతి ఇన్నావా?

…ఏటి! ఆదివారమల్లా కడుపు తిప్పుతాదని నీకు ముందే తెలుసా? ఆ ఉప్మావల్లేనని అనుమానం కూడా ఉందా? మరెందుకు తింతన్నావే?

…

వారంలో ఆడు గరిటి పట్టీది ఆ ఒక్క పూటేనా.

అందుకని తింతన్నావా.

సరిపోయినారు ఇద్దరికిద్దరూ. ఫోను స్పీకర్లో పెట్టు.

ఒరే భాస్కరా, ఇన్నావా నీ పెళ్ళాం ఏటందో? …ఇంటే ఇన్నావు గానీ, ఆ గరిటి మాత్రం కింద పెట్టీయకు. ఉప్మా నువ్వు తినీ. దానికి గిన్నెడు బియ్యం కడిగి కుక్కర్లో పెట్టు. రేపూ పెట్టు, ఎల్లుండీ పెట్టు. మాత్ర ఒకటే. సోమవారం పొద్దున్న దాన్ని తీసుకుని ఇక్కడికి రా, మళ్ళీ డాక్టరుకి సూపిద్దాం.

…ఇప్పుడే. నేను ఫోన్లోనే ఉన్నాను.

…

ఆ. కుళాయి సప్పుడు ఇనబడతన్నాది.

రెండుసార్లు కడుగు… మరి ఉంటాను.