పెద్దల అమావాస్యకు పెట్టని సీసా

"అవ్వా, మామను తాగుడు మాన్పించే సెంటర్లో చేర్పించినావు కదా, ఆడ యట్లుంటాది? మా పక్కింటక్క అడగమనింది, వాళ్ళాయన కోసం."

యట్లుంటాదంటే ఏం చెప్పేది పాపా, ఆడోళ్ళను లోపలికి రానిస్తే కదా నాకు తెలిసేది. సోమందేపల్లె దాటినాంక హైవే పక్కన ఉండాది. మొగోళ్ళకు మాత్రమే అని గేటు మీదనే రాసినారు. చూసేకి పోయినప్పుడంతా ఆ గేటు కాడ రేకుల షెడ్డులో కూర్చుంటి. "ఏమప్పా, కన్నతల్లిని, నేను కూడా రాకూడదా?" అని మేనేజరును అడిగితి. "నువ్వొస్తే ఏడుస్తావవ్వా. నువ్వేడిస్తే వాడు ఇంటికి పోతానంటాడు" అన్నాడు. నేనేడ్చే మనిషినా? మీ తాత పోయిన్నాడే ఏడ్వలేదు. అయినా ఆయప్ప మాట నాకు నచ్చింది. రూలంటే రూలే ఉండల్ల.

పొద్దున్నే లేపుతారంట. పడుకున్న పక్కలు వాళ్ళే ఎత్తుకోవల్ల, గిన్నెలు వాళ్ళే కడగల్ల, కసువు వాళ్ళే ఊడ్చల్ల. మీ మామ పుట్టినప్పటి నుంచి చీపురు ముట్టినోడు కాదు. "అమ్మా, ఈడ నాతో కసువు ఊడిపిస్తాండారు" అని గేటు కాడికొచ్చినప్పుడు మొగం ముడుచుకొని చెప్పినాడు. "ఊడ్చు నాయనా, మూలల్లో కూడా ఊడ్చు" అంటి.

మొదట్లో చేతులు వణికి గ్లాసు పట్టుకోలేకపోయినాడంట. డాక్టరు చూసి మాత్రలిచ్చినాడు. బాగా తాగేవాన్ని ఇంట్లో కట్టేసి ఒక్కసారిగా మాన్పిస్తే ప్రాణం మీదికి వస్తాదంట, మీ పక్కింటామెకు అది ముందు చెప్పు.

వాడు తాగేది యట్ల నేర్చినాడో నీకు తెలుసు కదా. బోరు బండి మీద పని. మన బెళుగుప్ప పక్క ఏ చేన్లో చూసినా బోర్లే. నీళ్ళు పడితే ఆ రైతు సంతోషానికి తాపిస్తాడు, పడకపోతే దుమ్ము తిన్న బాధకు వీళ్ళే తాగుతారు. మా కాలంలో బావులు తవ్వుకుంటాంటిమి, మా పెద్దన్న ఒక్కడే గడ్డపార పట్టుకొని... ఆ కత వద్దులే, యాడికో పోతాండా.

ఏం చెప్తాంటి? ఆ, ఇంటికొచ్చినాడు. కొంచెం ఒళ్ళు చేసినాడు. వచ్చిన నెలకే పెద్దల అమావాస్య. సెంటర్లో ఎవడైనా తాగకుండా ఉంటాడు పాపా, గేటుకు తాళముంటాది. ఇంట్లోనే కదా కష్టం.

మనిండ్లల్లో పోయినోళ్ళకు ఏది ఇష్టమో అదే విస్తరాకులో పెడతాం. మీ తాతకేమిష్టం? మాంసం, వడలు, బ్రాందీ. పెట్టినాంక కాసేపు వాకిలి మూసి అందరం బయట నిలబడతాం, పెద్దలు తిని పోతారని. తెరిచినాంక ఆ ఆకులోది పెద్దకొడుకే ముందు నోట్లో వేసుకోవల్ల, గ్లాసులోది కూడా ఒక గుటక. ఏటేటా తీర్థం తీసుకున్నట్ల తీసుకుంటాండె మీ మామ.

మా మరిది, అదే మీ చిన్నతాత, సీసా పట్టుకొని వచ్చినాడు. "ఈసారి వద్దప్పా" అంటి. "ఏం వదినా, మాయన్నకు ఏడాదికి ఒక్క దినం. అది కూడా పోయకపోతే ఉసురు తగలదా? ఒక గుటకకే మునిగిపోతాడా వాడు?" అన్నాడు. ఆ ఒక గుటకే పాపా. అది పడితే మళ్ళా మొదటికొస్తాదని డాక్టరు ఎన్నిసార్లు చెప్పి పంపినాడో.

మీ మామ తలకాయ వంచుకొని, "అమ్మా, ఈసారి ఆకు ముందర చిన్నాయననే కూర్చోనీ. నేను వీధిలోకి పోతా" అన్నాడు. అప్పుడు మండింది నాకు. "ఇంటికి పెద్దకొడుకు వీధిలోనా, సీసా దేవుని మూలలోనా?" అని దాన్ని ఎత్తుకపోయి దొడ్లో గడ్డివాము పక్కన బండ మీద పెట్టి వస్తి. "మీయన్న బతికున్నప్పుడు తాగేకి యాడికి రమ్మంటే ఆడికి పోయినాడు. ఈ పొద్దు దొడ్లోకి పోలేడా?" అంటి. మా తోడికోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. మరిది నవ్వలేదు.

మీ మామే కూర్చున్యాడు. గ్లాసులో కాఫీ పోసినాడు. మీ తాతకు కాఫీ కూడా ఇష్టమేలే, ఆ సీసా గొడవలో మేమే మర్చిపోయింటిమి. టెంకాయ కొట్టినాడు, సాంబ్రాణి వేసినాడు, వాకిలి మూసినాం. తెరిచినాంక ఆ కాఫీ చల్లగైపోయింది, అట్లే తాగినాడు.

దొడ్లో సీసానా? సాయంత్రానికి సగమైంది. "చూడు వదినా, మాయన్న వచ్చి తాగినాడు" అంటాడు మా మరిది, నోరు తెరిస్తే వాసన వీధి దాకా కొడతాండాది. తాగింది ఎవరో అందరికీ తెలుసు. మీ మామ మాత్రం కాదు.

మరుసటేడు మరిది రాలేదు. రాకపోతే ఏమాయ. మీ మామ ఇప్పుడు బోరు బండికి పోడు, చేన్లల్లో డ్రిప్పు పైపులు వేసే పని చేస్తాండాడు. మారిపోయినాడని నేను ఎవరితోనూ అనను. ఈ పొద్దు తాగలేదు, అంతవరకే చెప్తా. మీ పక్కింటామెకు కూడా చెప్పు, పంపి చేతులు దులుపుకునేది కాదని.

నాకింకేం కావల్ల? నేను పోయినాంక నా ఆకు ముందర వాడు కూర్చోవల్ల. వాని ఆకు ముందర నేను కూర్చోకూడదు. అంతే నేనడిగేది. నీకు కూడా తల్లీ, నీ కడుపున పుట్టేవాళ్ళంతా నీకంటే వెనకనే పోనీ...