పిలిచిన కొలత

చెరుకు బండ్లు బోధన్ తొవ్వ పట్టే కాలం. సిద్దిరాములు చెలక గట్టున, ట్రాక్టర్ వెంట ఊరూరు తిరిగే కట్టెకోత మిషన్ ఆగి ఉంది. దాని మీద వేపదుంగ ఎక్కించి నిన్ననే మీది పెచ్చు కోసిండ్రు గాని, ఇయ్యాల ఇంజను ఇంకా లేపలేదు. కొలత పట్టీ పక్కన ఎప్పటి పీట మీద శారమ్మ, ఆమె ముందర నట్లు ఇప్పే పాన పట్టుకొని కొడుకు హనోకు.

"...గందుకే చెప్తున్న, లెవ్వు అవ్వా. గా పీట జర అవుతలికి జరుపు."

"ఎందుకు జరపాలె? నా పీట నీకేం అడ్డమొచ్చింది?"

"నువ్వు కూసున్న కాడ్నే బిగియ్యాలె గీ మీటర్ను. పాత ఇనుప పట్టీ ఊడదీస్త, గా జాగల గిది పెడ్త."

"ఏదీ, సూడనియ్యి. గింతేనా? అగ్గిపెట్టెకు అన్న లెక్కున్నది."

"గింతనే. నిజామాబాద్ల లేతు పనిచేసే రాజారాం తెప్పిచ్చి ఇచ్చిండు. రంపం ఎంత కిందికి దిగితే అంత, గీ అద్దంల అంకెలు పడ్తయ్. ఇంచు, అరించు, పావించు. ఎంటికంత గూడ తప్పదు."

"నేను తప్పిన్నా?"

"తప్పినవని ఎవరన్నరు?"

"నోటితోని అనలే. డబ్బ తెచ్చి అన్నవు."

"అవ్వా..."

"నాకు సదువు రాదు, నిజమే. గని గీ పట్టీ మీది గీతలు నాకు సుట్టాల మొకాల లెక్క ఎర్కనే. మీ బాపు ఆకురాయి పట్టుకొని ఒక్కొక్క గీత గీస్తుంటే, నేను పక్కన కూసోని బువ్వ ముద్దలు నోట్ల పెట్టిన. ఇంచుది పొడుగు గీత, అరించుది పొట్టి గీత. పావించు గీత ఇంత వంకర పోయింది, ఎందుకంటే గప్పుడే పచ్చిమిరపకాయ కొరికిండు."

"గీ ముచ్చట మస్తుసార్లు చెప్పినవు."

"ఇంకోసారి ఇంటే చెవులు అరుగుతయా? సరే. వానొస్తే గీ డబ్బ ఏమైతది?"

"కవరు కడ్త."

"కట్టెపొట్టు పడ్తే?"

"ఊదుత."

"దాని సెల్లు అయిపోతే?"

"కొత్త సెల్లు ఏస్త."

"మంచిగున్నది. మరి నేను అయిపోతే నాకేం ఏస్తవు?"

"నిన్ను ఇంటికాడ కూసోమంటున్న. ఎండల, పొట్టుల, గీ దుంగలెన్క ఎన్నేండ్లు తిరుగుతవ్? శ్యామలమ్మ అత్త లెక్క మంచిగ దేవునిండ్లకు పో, పాటలు పాడుకో."

"శ్యామలమ్మ పాడితే మోటరు కరాబైనట్టు ఉంటది. నా గొంతు గీడ అలవాటైంది, గీడనే మొత్తుకుంట."

"గదే సంగతి. మొత్తుకుంటున్నవు. మొన్నటి సంది సూస్తున్న. ఒక్క కోతకు రెండు, రెండు, రెండు అని పదిమాట్ల పిలుస్తున్నవు. ఎందుకు?"

"ఇంజను సప్పుడుల ఇనబడదని."

"ఇన్నేండ్లు ఒక్కసారి పిలిస్తే ఇనబడ్డది గద?"

"అగో, లింబయ్య అచ్చిండు. రా లింబయ్యా, రా. చాయ్ తెచ్చినవా?"

"తెచ్చిన వదినే. సిద్దిరాములు పెండ్లాం శక్కరి గుమ్మరిచ్చింది. బిడ్డ లగ్గం సంబురం. మంచం పట్టెలు ఎప్పుడిస్తరని అడుగుతున్నది. నిండు రెండించుల మందం ఉండాలెనట, అల్లుడు జర బొద్దుగ ఉంటడట."

"కాకా, ముందుగాల నువ్వు నిలబడు. అవ్వ ముందటనే చెప్పు. మొన్న ఏమైంది?"

"ఏమైంది? ఏం కాలే. చాయ్ తాగు కొడుకా."

"ఏం కాలేదా? నా చెయ్యి పొయ్యేది కాకా! దుంగ ఊగుతున్నదని కిందికెళ్లి చెక్కముక్క పెడ్తున్న. చెయ్యి ఇంక ఆడ్నే ఉన్నది. నువ్వు రంపాన్ని నూకినవు. అంగీ చెయ్యి సర్రున చినిగింది."

"అంగీ నేను కుట్టిన గద బిడ్డ."

"అంగీ కుట్టినవు అవ్వా. చెయ్యి కుడ్తువా?"

"ప్రభువా. గట్ల అనకు."

"నేను ఊకె నూకలే కొడుకా. వదిన 'పో' అన్నది, నేను నూకిన. ఎప్పటి పద్ధతే గద?"

"గదే అడుగుతున్న. పద్ధతేంది? నువ్వే చెప్పు అవ్వా."

"నీకు తెల్వనిదా? నేను కొలత పిలుస్త. రంపం దింపెటోడు గదే కొలత మల్ల జవాబు చెప్పాలె. జవాబు ఇన్నంక నేను పో అంట. గప్పుడు లింబయ్య నూకుతడు."

"మొన్న నేను జవాబు చెప్పలే."

"చెప్పినవు."

"చెప్పలే అవ్వా."

"నేను రెండు అన్న, రెండే అని జవాబు అచ్చింది. ఇన్న. ఇన్నంకనే పో అన్న. నా కొడుకు చెయ్యి ఆడుంటే నేను ఊకె అంటనా?"

"చెవులు మందగించినయ్ అవ్వా, తప్పు కాదు. బోధన్ల డాక్టర్‌కు సూపెడ్త. అందాక గీ మీటర్ ఉంటే నేనే సూసుకుంట, నేనే దింపుకుంట, నేనే నూకుకుంట. పిలుపు లేదు, జవాబు లేదు."

"నా చెవులు మంచిగనే ఉన్నయ్."

"మరి ఎవరు చెప్పిండ్రు జవాబు? ఎవరి గొంతు?"

"లింబయ్యా, చాయ్ సల్లారుతున్నది, తాగు."

"తాగుతున్న వదినే."

"అవ్వా!"

"మీ బాపు గొంతు."

"ఏంది?"

"మీ బాపుది. సత్యానందంది. జర గరగర, ఎనుకకు గుంజినట్టు. ఆ గొంతు నాకెర్క లేదా?"

"అవ్వా, బాపు పోయి ఏడాది దాటింది. ఏడాది కూడిక పెట్టినం. అయ్యగారు అచ్చి ప్రార్థన చేసిండు. అందరు అన్నాలు తిని పోయిండ్రు."

"అందరు పోయిండ్రు. ఆయన పోలే."

"కాకా, ఇంటున్నవా? నువ్వన్న చెప్పు."

"నన్నేమడుగుతవ్ కొడుకా. నేను నూకెటోన్ని."

"మొదట్ల భయమైంది బిడ్డ. మల్ల సంబురమైంది. నేను ముప్పావు అంటే ముప్పావే అంటుండె. రెండంటే రెండే. ఎనకటి లెక్కనే. గా సంబురంలనే మొన్న నీ దిక్కు సూడకుండ పో అన్న. నీ అంగీ చినిగినప్పుడు నా పానం పోయింది."

"సరే. నాకు చెప్పకపోతివి. మరి గా దినం సంది గీ పదిమాట్ల పిలుసుడేంది?"

"ఒద్దు బిడ్డ. గది అడుగకు."

"అడుగుత."

"గా దినం సంది జవాబు మారింది. నేను రెండంట, ఆయన ఒకటి అంటడు. గదే చెప్పొద్దనుకున్న."

"బాపు గా మాట నోటితోని అనడు అవ్వా. బతికున్నన్ని దినాలు అనలే."

"అనలే. అల్మారలకు ముప్పావు. తలుపులకు ఇంచుంబావు. నిండు ఒకటి సమాధిపెట్టెకే ఇడిసిపెట్టినం. పెట్టెకు పలకలు కోసేటప్పుడు కొలత నోటితోని పిలువొద్దు. నేను ఏలు లేపుత, ఆయన ఏలు లేపుతడు, లింబయ్య సప్పుడు చెయ్యకుండ నూకుతడు. పిలిస్తే ఇంకో పెట్టె అడుగుతదని మీ బాపు పట్టింపు."

"అవును. మా దిక్కోళ్లు పీనుగలు కాలబెడ్తరు గని, సత్యన్న ముందట నేను గూడ గా మాట ఎన్నడు అనలే."

"మరి ఇప్పుడెందుకు అంటడు అవ్వా?"

"నేను పిలిచిన గనుక."

"ఎప్పుడు?"

"ఆయన పెట్టెకే. నువ్వే గద రంపం కాడ నిలబడ్డవు. వేరెటోని చెయ్యి పడొద్దంటివి. నేను ఏలు లేపిన. నీ కండ్ల నిండ నీళ్లు, సూడలే. మల్ల లేపిన. సూడలే. అవుతల దేవునిండ్ల గంట కొడ్తుండ్రు, ఎండకు ఆయన్ని ఎంతసేపు ఉంచుతం? నోరు జారిన. ఒకటి అన్న."

"నాకు యాదికి లేదు."

"నీకెట్ల ఉంటది? ఏడ్సుకుంట దింపినవు. జవాబు చెప్పలే. పిలిచిన కొలత గట్లనే ఉండిపోయింది హనోకూ. గీ మిషన్ కాడ జవాబు లేకుండ ఉన్న కొలత గదొక్కటే."

"ఊకో అవ్వా. ఏడువకు. నువ్వు తప్పేం చెయ్యలే."

"నా తప్పు సంగతి ఇడిసిపెట్టు. ఎవరికి అడుగుతుండు గా పలకలు? నాకైతే సంతోషంగ పోత. గని చెయ్యి పెట్టింది నువ్వు, చినిగింది నీ అంగీ."

"బాపు నన్ను తీస్కపోతడా? జాతరల నా చెప్పు తెగితే ఎత్తుకొని నడిసినోడు?"

"పగోడు పిలువడు బిడ్డ. పానం ఇడిసెటోడే పిలుస్తడు."

"సాలు. గందుకే చెప్తున్న గీ మీటర్ మంచిదని. పిలిసెటోళ్లు లేకుంటే పలికెటోళ్లు ఉండరు. కత అయిపోతది."

"నువ్వు ఉల్టా ఆలోచిస్తున్నవు. ఆయన ఒకటి అంటుంటే, నేను రెండు, రెండు, రెండు అని ఎదురు మొత్తుకుంటున్న గనుకనే నువ్వు రెండు కోస్తున్నవు. నేను నోరు మూసుకుంటే ఆయన మాటొక్కటే మిగుల్తది."

"అద్దంల అంకెకు చెవులుండయ్ అవ్వా. ఎవ్వరేమన్నా మారదు. ఒక్క కోత కోస్త. ఒక్కటే. మంచిగైతే నువ్వు ఇంటికి, పట్టీ మూలకు."

"మంచిగ కాకపోతే?"

"డబ్బ రాజారాం మొకం మీద కొట్టొస్త, నీ పీట నీకిస్త."

"లింబయ్యా, ఏమంటవు?"

"ఏమంట వదినే. ఆయన పొల్లగాడు కాదు. కొయ్యనియ్యి."

"సరే. గని నా కండ్ల ముందటనే కొయ్యాలె. నూకుడు లింబయ్యనే. నీ చెయ్యి తీసినవని లింబయ్య కండ్లతోని సూసినంకనే నూకాలె."

"సరే."

"ప్రమాణం?"

"సరే అంటున్న గదా. నువ్వు మాత్రం నోరు తెర్వొద్దు. ఏమినబడ్డా సరే."

"కొంగు కుక్కుకుంట, తీయి."

పాత పట్టీ ఊడదీసి, అద్దం హనోకు దిక్కు మలిపి మీటర్ బిగించిండ్రు. పెచ్చు కోసిన కాడ మీటర్ల సున్న పెట్టి, ఇంజను లేపిండ్రు. శారమ్మ నోట్ల కొంగు పెట్టుకొని, దుంగకు ఇవుతల కండ్లు మూసుకొని కూర్చుంది. ఒక్క కోత అయింది. ఇంజను ఆపిండ్రు.

"అగో! సూసినవా అవ్వా? చెయ్యి చెయ్యి లెక్కనే ఉన్నది. ఏమైంది? ఏం కాలే. అయిపోయింది. ఇగ తియ్యి కొంగు. ఏందట్ల సూస్తవు? నవ్వు జర. కాకా, గా పలక ఎత్తు, సిద్దిరాములు పెండ్లానికి మొదటి పట్టె ఇచ్చొద్దాం."

"ఎత్తిన కొడుకా."

"ఒక్కనివే ఎత్తినవా? పచ్చికట్టె, బరువుంటది, ఆగు నేనొస్త."

"బరువేం లేదు. సుల్వగనే ఉన్నది."

"సుల్వగ ఎట్లుంటది? ఇటు తే."

"కొలువకు హనోకూ. నా మాట ఇను, కొలువకు."

"టేపు ఇయ్యి కాకా... గిదేంది? గిదేంది కాకా? ఒక్కించు ఉన్నది."

"ప్రభువా, నా తండ్రీ."

"ఆగవ్వా. డబ్బది తప్పు. రాజారాం గాడు పాతది అంటగట్టిండు. నేను రెండు కాడ్నే ఆపిన. సూసుకుంట ఆపిన."

"అద్దంల ఏమున్నదో సదువు. నాకు రాదు గద, నువ్వే సదువు."

"ఒకటి. ఒకటి, సుక్క, సున్న, సున్న."

"మరి డబ్బ తప్పు లేదు. ఒకటి కాడ ఆపినవు, ఒకటే అని సూపెడ్తున్నది."

"నేను రెండని సూసిన అవ్వా! నా కండ్లతోని... నువ్వేమన్న అన్నవా నడుమ? నిజం చెప్పు."

"కొంగు సూడు బిడ్డ. సగం దాక తడిసింది. ఇంతసేపు నోట్లనే ఉండె."

"మరి... జవాబు ఇనబడ్డదా?"

"ఇనబడ్డది."

"ఎవరు పిలువకుండనా?"

"పిలువకుండనే. ఒకటి అన్నడు. ఎంత మెల్లగ అన్నడో, పోరన్ని పండవెట్టినట్టు."

"యాడికెళ్లి అచ్చింది? ఏ దిక్కుకెళ్లి?"

"దుంగ అవుతలికెళ్లి. నాకు దుంగ అడ్డం బిడ్డ, గీడ కూసుంటే అవుతల మనిషి కనవడడు. ఎన్నడు కనవడలే, గొంతే ఇనబడుతది."

"దుంగ అవుతల నేనున్న! నేను తప్ప ఎవ్వరు లేరు! కాకా, నువ్వు నా ఎదురుంగనే నిలబడ్తవు గద. నువ్వు చెప్పు. నా పక్కన ఎవరన్న కనవడ్డరా? నీకు ఇనబడ్డదా?"

"నన్నడుగకు కొడుకా. ఇన్ని దినాలు అడుగలే, మంచిగుండె."

"ఇన్ని దినాలు అంటే? మొన్న గూడ ఇనబడ్డదా నీకు?"

"ఇనబడ్డది. ఇనబడకుంటే ఎందుకు నూకుత?"

"ఇనబడ్డా చెప్పకపోతివా? ఎవరు కాకా? ఎవరు అన్నరు?"

"లింబయ్యా, చెప్పు. నాకు కనవడనిది నీకు కనవడ్తది. చెప్పు."

"వదినే, నువ్వు గట్టిగ కూసో. కొడుకా, నువ్వు రంపం మీదికెళ్లి చెయ్యి తియ్యి, అవుతలికి జరుగు... మొన్న గిట్లనే, ఇయ్యాల గిట్లనే. పక్కన ఎవ్వరు లేరు. నోరు నీదే ఆడింది. గొంతు మాత్రం మీ బాపుది."