మెక్సికో నిచ్చెన

యాడికిలో మిట్టమధ్యాహ్నం. పక్షవాతంతో మాట పడిపోయిన ఎర్రిస్వామి మంచం మీద గోడకు ఆనుకుని, ఒళ్లో ఫోను పెట్టుకుని ఏదో హాస్యపు వీడియో చూస్తున్నాడు. ఎదురుగా కూతురు భారతి, కొడుకు జయచంద్ర.

“థూ! ఇదీ ఒక హాస్యమేనా అక్కా? ఆపు ముందు.”

“ఆపేదేందిరా చంద్రా? మాట పడిపోయినాక నాయన నవ్వేది దీనికొక్కదానికే.”

“ఎవురు సూపిచ్చినారీ దరిద్రం?”

“ఆశా వర్కరు రూతు. మెక్సికో టీవీలో యాభై ఏండ్ల కిందట వచ్చినాదంట. యాడెక్కడి దేశాలోళ్లో ఇప్పటికీ ఇరగబడి సూస్తాండారంట.”

“గాడిదకేం తెలుసు గంధప్పొడి వాసన!”

“నాయననా గాడిదంటాండావు?”

“నాయనను కాదు, ఆ దేశాలోళ్లను. వాళ్ల మాట ఒక్కటన్నా అర్థమయితాదా మనకు? సౌండన్నా తీసెయ్, తల పగుల్తాండాది.”

“తీసేసినా. సూడు, అయినా నవ్వుతాండాడు.”

“అదేక్కా నా కడుపుమంట! ఇరవై ఏండ్లు నాటికలు రాస్తిని, ఆడితిని. తాడిపత్రిలో జనం పడీపడీ నవ్వినారు. ఈయప్ప ముందు వరుసలో కూర్చోని ఒక్కసారన్నా పెదవి కదిపినాడా? ఒక్కసారి, ఒక్కసారి నవ్వితే సాలనుకుంటి.”

“నీ నాటికల్లో నవ్వు కన్నా నీతి ఎక్కువ కదప్పా.”

“నీతి ల్యాకుంటే కోతి గంతులే! ఏముండాది దీంట్లో? మీసాలోడు నిచ్చెన భుజానేసుకోని వస్తాడు. ఎవురో పిలిస్తే తిరుగుతాడు, ఎనకోనికి తగుల్తాది. ఇంతే! దీన్ని ప్రపంచమంతా సూడల్లనా?”

“తిరిగితే ఎట్ల తగుల్తాదిరా?”

“ఎట్లంటే... ఇదో, ఈ బట్టలారేసే బొంగే నిచ్చెన అనుకో. ‘ఏమప్పా!’ అంటారు, ఇట్ల తిరుగుతాడు...”

“రేయ్, కుండ! నీళ్లకుండ!”

“పోతే పోనీ! మళ్లా ఇంకోడు ‘ఏమప్పా!’ అంటాడు, మళ్లా ఇట్ల... అబ్బా! సచ్చినాన్రా నాయనా!”

“నీళ్లలో జారినావు! లెయ్, లెయ్. పంచె సూసుకో ముందు!”

“సూసినావా, సూసినావా? కన్నకొడుకు నడుమిరిగి పడినా ఆయప్పకు పట్టల్యా. ఆ మెక్సికో ఎదవలను సూసి పకపకా నవ్వుతాండాడు! లాక్కో ఆ ఫోను!”

“చంద్రా...”

“లాక్కో అంటే!”

“నువ్వు బొంగు ఎత్తినప్పుడే, యాడ పగులుతాదో అని ఫోను తీసి నా కొంగులో సుట్టుకుంటిరా. నాయన నవ్వేది నిన్ను సూసి.”