పడమటి కరీబియన్ అంటే ఎక్కడ?

నికరాగ్వా తూర్పు తీరంలో మిస్కితో జాతివాళ్ళ పల్లె ఒకటి. షావుకారు ఒతిలియో రాతిరొయ్యల కొట్టు. సముద్రంలో ఉన్నవాళ్ళతో మాట్లాడే వైర్‌లెస్ ఊరంతటికీ అదొక్కటే. నెల్వా మొగుడు విక్లిఫ్ సముద్రంలో దూరాన ఇసకదిబ్బల దగ్గర మునిగి రొయ్యలు పడుతున్నాడు. పొద్దుట్నుంచి ఆమె ఇక్కడికి రావడం ఇది మూడోసారి.

"మళ్ళీ వచ్చావా!"

"వచ్చాను షావుకారూ. మీరు దిబ్బలకి కబురు చెప్పేదాకా వస్తూనే ఉంటాను."

"ఏమని చెప్పమంటావ్?"

"తుఫానొస్తోంది, పడవలు తిప్పుకుని వచ్చెయ్యమని."

"మన మీదికొస్తోందని ఎవడు చెప్పాడు?"

"రేడియో చెప్పింది. పడమటి కరీబియన్‌లో..."

"అదీ! పడమటి కరీబియన్. అంటే ఎక్కడ?"

"ఎక్కడేంటి?"

"నేనడిగేదీ అదే. జమైకా ఉంది, కేమన్ ఉంది, క్యూబా తోక ఉంది. అన్నీ పడమటి కరీబియనే. కరీబియనంటే దీవులు అమ్మాయ్. మనది మధ్య అమెరికా. రేడియోవాడు మధ్య అమెరికా అన్నాడా?"

"అనలేదు."

"మరి?"

"మీరు కూర్చున్న పెట్టెమీద ఏం రాసుంది?"

"ఏం రాసుంటే ఏంటి?"

"నాకూ నాలుగక్షరాలొచ్చు. ‘అసలైన కరీబియన్ రాతిరొయ్యలు’. అమ్మేటప్పుడు కరీబియన్, తుఫానొచ్చేటప్పుడు మధ్య అమెరికానా?"

"అది బేరం మాట."

"ఇది ప్రాణం మాట."

"నీతో నావల్ల కాదు. బళ్ళో మనకేం నేర్పారు? అట్లాంటిక్ తీరమన్నారు. తరవాత రాజధానివాళ్ళు కాదు కాదు, కరీబియన్ తీరమన్నారు. మన ఊరెక్కడుందో మన సర్కారుకే తేలలేదు. ఎక్కడో కూర్చుని కూసే ఆ రేడియోవాడికి తెలుస్తుందా?"

"వాడికి తెలీకపోతే పోనీండి. పిట్టలకి తెలుసు. నడిసముద్రంలో తిరిగే నల్లపిట్టలు పొద్దున్నే ఊరిమీదికొచ్చేశాయి. గాలి ఊసే లేదు, కెరటం చూస్తే మీ మెట్లు నాకుతోంది."

"పిట్టల మాట విని పడవలు తిప్పితే ఎల్లుండి ఓడ ఖాళీగా పోతుంది. పెట్టెలెవరు నింపుతారు, నీ పిట్టలా?"

"అలా చెప్పండి! కరీబియనూ కాదు, కాకరకాయా కాదు. పెట్టెలు!"

"నోరు జారకు."

"ఆ వైర్‌లెస్ గొంతెందుకు తగ్గించారు?"

"గరగరమంటుంటే తలనొప్పి."

"ఎప్పుడూ లేని తలనొప్పి..."

"నెల్వా, ఇలా చూడు. అక్కడ ఇరవై ఇద్దరున్నారు. మా ఒస్మిన్ కూడా వాళ్ళలోనే ఉన్నాడు. ఉన్నాడా, లేదా?"

"...ఉన్నాడు."

"ఒక్కగానొక్కడు. తల్లి లేనివాడు. ముప్పుందని తెలిస్తే వాణ్ణి అక్కడ ఉంచుతానా? గుండెమీద చెయ్యేసుకుని చెప్పు."

"ఉంచరు."

"కన్నతండ్రికి నాకు లేని భయం నీకెందుకు? ఇంటికి పో. అరటికాయలు ఉడకేసుకో. రేపీపాటికి విక్లిఫ్ వచ్చి గిన్నె నాకేస్తాడు."

"మీ నోటిమాటే నిజమవాలి షావుకారూ. ఏదో కడుపుమంటకొద్దీ అన్నాను, మనసులో పెట్టుకోకండి."

"సర్లే, వెళ్ళు."

"ఆ ఎర్రదీపమేంటి, ఆరి వెలుగుతోంది?"

"ఏ దీపం?"

"వైర్‌లెస్‌ది. ఎవరో పిలుస్తున్నారు."

"నేను చూసుకుంటాలే. నువ్వు కదులు."

"విక్లిఫేమో! ఒక్కసారి ఆ గొంతు వింటే చాలు, వెళ్ళిపోతా..."

"నెల్వా! ముట్టుకోకు! ఆ బొత్తాం ముట్టుకోకన్నానా!"

"...నాన్నా? నాన్నా, నేను, ఒస్మిన్‌ని. ఎంతసేపట్నుంచి పిలుస్తున్నాను! నువ్వు తెల్లారగట్ల చెప్పినట్టే ఏట్లోకి వచ్చేశాను, పడవ కట్టేశాను. దిబ్బల దగ్గర ఎవరితోనూ తుఫాను ఊసెత్తలేదు, పన్నునొప్పి, ఇంటికెళ్తున్నానన్నాను. పాపం, విక్లిఫ్ మామ లవంగమిచ్చాడు నాన్నా, బుగ్గన పెట్టుకొమ్మని."