వదిన పక్క అద్దం

ఏటీ? మీ అమ్మ పొద్దుట్నుంచీ ఏటి ఎతుకుతందనా? నన్నడుగుతావేట్రా సన్నీ, దాన్నే అడగలేకపోయేవా? అడిగేవా? ఏటీ లేదందా? అలగే అంటాది. సెప్పదది. సరే, అది తయారై వచ్చేలోపల నేను సెప్తాను గానీ, ముందు ఆ తలుపు తీసుంచు. ఏసీ పోతే పోనీ. నీ కొత్త కారులో కూకోమన్నావు, కూకున్నాను, ఇంక నన్ను డబ్బాలో పెట్టి మూత బిగించకు. ఇందాకా నువ్వు తలుపేసి అదేదో నొక్కగానే టక్కుమందే, అదేటది? నాలుగు తలుపులకీ ఒక్కసారే తాళం పడిపోద్దా? సేఫ్టీకా. బాగుంది. మీ తాతా అదే అన్నాడు, సేఫ్టీ అని. ఇదే సప్పుడు. ముప్పై అయిదేళ్లు దాటిపోయేయి, ఇప్పటికీ ఆ టక్కు వినపడితే ముందు తలుపు తీసీమంటాను. నవ్వుతావేట్రా? నవ్వు. నీ వయసులో నేనూ నవ్వేను.

మీ తాత అంటే మా అన్నయ్య, పెదబాబు. నువ్వు ఫోటోలోనే సూసేవు, ఆ బొద్దు మీసం, లావుపాటి మనిషి. ఆ ఫోటో కూడా కారు పక్కనే తీయించుకున్నాడు, గమనించేవా? పెళ్లిఫోటో కంటే అదే పెద్దది కట్టించేడు. మనకి బజార్లో ఎరువుల కొట్టుండేది కదా, ఇప్పుడు సెల్ ఫోన్ల కొట్టు పెట్టేరే, అదే. అందులో యూరియా బస్తాల ఎనకాల గోడ నిండా కార్ల బొమ్మలు. ఇంగ్లీషు పుస్తకాలు తెప్పించి, బొమ్మలు కత్తిరించి, మైదాపిండి ఉడకబెట్టి అంటించేవాడు. రావికమతం నుంచి డీఏపీకొచ్చిన రైతుని నిలబెట్టి, 'ఇదిగో సూడు, దీనికి తాళమే అక్కర్లేదు, దగ్గరకెళ్తే అదే తెరుసుకుంటాది' అని సెప్పేవాడు. రైతు పాపం, 'బస్తా ఎప్పుడిస్తావు బాబూ, బండి ఎల్లిపోతాది' అనేవాడు. రేపు కార్లో టీవీ వస్తాది, కారు మనతో మాటాడతాది, కప్పు తెరుసుకుని ఆకాశం కనపడతాది, ఇవన్నీ ఆడు అప్పుడే సెప్పేడ్రా. నీ కారు సూస్తే పిచ్చెక్కిపోయేవాడు. ఇంత పెద్ద టీవీ, తడిమినా దొరకని తలుపు పిడి, పైన అద్దాల కప్పు. కౌగలించుకుని ముద్దెట్టుకునేవాడు.

నాకు? నాకెందుకు పనికొస్తాయిరా ఇవి. నాకప్పుడు జీపుండేది. తలుపుల్లేవు, అద్దాల్లేవు, పైన టార్పాలిను. నాకూ కార్లంటే పిచ్చే, కాకపోతే నాది వేరే పిచ్చి. సాయంత్రం కొట్టు ముందు బల్ల మీద కూకుని ఇద్దరం దెబ్బలాడుకునేవాళ్లం. 'ఒరే గణపతీ, నీ జీపు బండికి నాలుగు సక్రాలున్నాయని కారనుకుంటన్నావు, అది నాటుబండి' అనేవాడు. 'అన్నయ్యా, నాటుబండి గోతిలో పడితే దూకీగలను, నీ దాంట్లోంచి దూకు సూద్దాం' అనీవాణ్ణి నేను. సరదాకే అనీవాణ్ణి. ఇప్పుడు నువ్వే సూడు. ఏసీ పెంచాలంటే టీవీలోకెళ్లి ఏలితో గీకుతావు, ఆ గీకేటప్పుడు రోడ్డు ఎవుడు సూస్తాడు? అదే గుండ్రటి గుండీ ఉంటే సెయ్యే ఎతుక్కుంటాది, కళ్లక్కర్లేదు. ఆ తెల్ల లైట్లొకటి, ఎదరొచ్చేవాడికి సెరుకు ట్రాక్టరు కనపడదు, దాని ఎనకాల యేలాడే గెడలూ కనపడవు. స్టెప్నీ లేదన్నావు మొన్న. పంచరైతే? డబ్బాలో మందు కొడతావా? సర్లే, కొట్టుకో.

ఏటి సెప్తన్నాను? ఆ, అద్దాలు. అప్పట్లో కార్లకి అద్దం దించాలంటే తలుపుకి ఇంత పిడి ఉండేది, ఇలగ పట్టుకుని గిర్రున తిప్పాలి. అన్నయ్య సెకండ్ హ్యాండులో కొన్న కారుక్కూడా అదే. విశాఖపట్నంలో పోర్టు దగ్గర ఫారిన్ సామాన్లమ్మే కొట్టొకటుండేది. అక్కడికెళ్లి మోటార్లు కొనుక్కొచ్చేడు. బొత్తాం నొక్కితే అద్దం పైకీ కిందకీ వస్తాది. దాంతోపాటు ఈ టక్కు తాళం. చోడవరం మొత్తానికి అలాంటి కారు ఆడిదొక్కటే. బజారంతా సూడ్డానికొచ్చేరు. సినిమా హాలు దగ్గర ఆపి, దిగి, దూరంగా నిలబడి మళ్లీ ఎక్కి, అద్దాలు దించి ఎత్తి, దించి ఎత్తి సూపించేవాడు. పిల్లలు సప్పట్లు. అన్ని తలుపులకీ బిగించేడు గానీ ఒక్క తలుపుకి పడలేదు. ఎందుకో తెలుసునా? మీ అమ్మమ్మ పడనివ్వలేదు.

మా మంగాయమ్మ వదిన. నీకు గుర్తుంది కదా, కారెక్కితే సేతిలో నిమ్మకాయ వాసన సూస్తా కూకునీది. ఆవిడకి కారు పడదు. మామూలు రోడ్డులో ఎలాగో ఓపిక పట్టీది గానీ గోవాడ పంచదార ఫ్యాక్టరీ దగ్గరకొచ్చేసరికి ఆ మొలాసిస్ కంపు తగిలేదా, ఇంక అయిపోయింది. బేగి అద్దం దించి తలకాయ బయట పెట్టాల, లేదంటే కార్లోనే కక్కీది. అందుకని ఆవిడ అన్నయ్యతో, 'ఏవండీ, మీ బొత్తాలు మీరుంచుకోండి, నా పక్క తలుపు జోలికి మాత్రం రాకండి. కంపొచ్చినప్పుడు మీ మోటారు నిదానంగా దింపుతూ కూకుంటే నా కడుపాగుతుందా?' అంది. ఆడు ఎంత బతిమాలేడో. 'ఒసే, నలుగురూ సూసి నవ్వుతారే, మూడు తలుపులకి బొత్తాలు, ఒకదానికి పిడి, ఒంటి సెవికి పోగెట్టుకున్నట్టుంది' అనేవాడు. ఆవిడ యినలేదు. మేమందరం ఎంత ఏడిపించేవాళ్లమో. గోవాడ దగ్గరకొస్తే సాలు, ఎనక సీట్లోంచి నేను, 'వదినా, పిడికి దణ్ణం పెట్టుకో, వస్తంది' అనీవాణ్ణి. ఆవిడ నవ్వుతానే తిప్పీది. ఆ నాలుగో మోటారు పెట్టె విప్పకుండా కొట్లో బస్తాల మీదే ఉండేది. ఈ వారం కాదు, పై వారం బిగించీస్తానంటా ఉండేవాడు.

ఒరే, ఈ సీటు మీద ప్లాస్టిక్ ఇంకా తియ్యలేదేట్రా? కిరకిరలాడతంది. మాసిపోద్దనా? మీ తాతా అంతే. ముకమల్ గుడ్డతో సీట్లు కుట్టించి, పైన ప్లాస్టిక్ తొడిగి, ఆ ప్లాస్టిక్ మీద మళ్లీ తువ్వాలు పరిసేవాడు. ఆడెంత ప్రాణం పెట్టేడో ఆ సీట్ల మీద. కాళ్లు తుడుసుకోందే ఎవుర్నీ ఎక్కనిచ్చేవాడు కాదు. మీ అమ్మ సిన్న గుంట అప్పటికి, జాంకాయ తింటా ఎక్కితే దింపీసేడొకసారి, ఏడ్సుకుంటా నా జీపెక్కింది.

ఆ రోజు... తుఫాను ముసురది. వదిన తరపువాళ్లది, చీడికాడ అవతల, బారసాల. ఎల్లకపోతే బాగోదని బయల్దేరేరు. నేను లేను, కొట్లో ఉన్నాను. అవన్నీ తరవాత వదిన సెప్పింది నాకు, ఒక్కసారే సెప్పింది, మళ్లీ జన్మలో ఎత్తలేదు. ముందు సీట్లో ఆవిడ, ఒళ్లో మీ అమ్మ. దగ్గరని అడ్డదారిన ఎల్లేరు, అటు గోవాడ లేదు, కంపు లేదు. అయినా ఆవిడకి అలవాటు కదా, పిడి తిప్పి ఇంత సందు పెట్టుకుంది. జల్లు లోపలికి కొడతంది. 'ఎత్తవే, సీటు తడిసిపోతంది' అన్నాడు. ఎత్తింది. కాసేపాగి మళ్లీ ఒకింత దించింది. 'ఎత్తమన్నానా' అని కసిరేడు. పూర్తిగా ఎత్తీసింది. గెడ్డ దగ్గరకొచ్చేరు. గెడ్డ మీద వంతెనేటీ లేదు, సిమెంటు చప్టా, నీళ్లు దాని మీంచే పోతాయి. అప్పుడే ముందు లారీ ఒకటి దాటింది. లారీ ఎల్లింది కదా, కారెల్లదా అన్నాడు. వదిన వద్దంది. 'నీకన్నిటికీ భయమే' అన్నాడు.

సగం దూరం ఎల్లేక కారు పక్కకి జరిగిందంట. మెల్లగా జరిగిందట్రా, ఎవులో సెయ్యేసి తోసినట్టు. ఇంజిను ఆగిపోయింది. చప్టా అంచు దాటి ముక్కు కిందకి ఒరిగి, తుంగదుబ్బుల్లో పడి నిలబడింది. నీళ్లు తలుపుల సగానికొచ్చేయి. తలుపులు రావు, బయట నీళ్ల బరువు, ఏ కారుకైనా అంతే. ఇంక అద్దాలే దారి. అప్పుడు టక్కుమని తాళాలు వాటంతటవే ఓసారి పడి లేసి, మళ్లీ పడి, సచ్చిపోయేయి. తడిసింది కదా వైరింగు. అన్నయ్య బొత్తాం నొక్కుతన్నాడు. నొక్కుతన్నాడు. బొత్తాం లోపలికెల్తంది, అద్దం కదల్లేదు. మోచేత్తో కొట్టేడు, భుజంతో కొట్టేడు, పగల్లేదు. కాళ్ల దగ్గర నీళ్లు, సీటు మీదకి నీళ్లు. అప్పుడు తిరిగి వదిన ఏపు సూసేడంట. 'తిప్పవే' అన్నాడంట. అంతసేపూ ఎత్తు, ఎత్తు అని కసిరిన మనిషి, 'తిప్పు మంగా, తిప్పు, తిప్పు' అని. పేరెట్టి పిలవడం అదే మొదలంట.

ఆవిడ తిప్పింది. మీ అమ్మని ముందు బయటికి తోసేరు, ఆ గుంట దుబ్బులు పట్టుకుంది. తరవాత వదినని ఎనకనుంచి అన్నయ్యే తోసేడు. ఆవిడ సగం బయటా సగం లోపలా ఉండగా కారు కదిలింది. ఆడు రెండు సేతులతో ఆవిడ కాళ్లు పట్టుకుని ఇసిరేసినట్టు తోసేసేడంట. కారు ఆ పక్కకే పల్టీ కొట్టింది. తెరుసుకున్న ఆ ఒక్క అద్దమూ కిందకి, బురదలోకి పోయింది. అవతల పక్కవి రెండూ పైనే ఉన్నాయిరా. పైనే ఉన్నాయి. రెండింటికీ బొత్తాలే.

మంచినీళ్లుంటే ఇటియ్యి. లేవా? సరే, ఫర్వాలేదు.

సెరుకు కొట్టేవాళ్లు సూసి మోకులేసి లాగేరు ఇద్దర్నీ. నేనెల్లేసరికి వదిన గట్టు మీద కూకుంది, ఒక సేత్తో పిల్ల, రెండో సెయ్యి పిడికిలి బిగించీసింది. ఏటా అని సూస్తే, ఆ పిడి. అద్దం తిప్పే పిడి. తిప్పిన విసురుకి ఊడి సేతిలోకొచ్చీసింది. ఏళ్లు ఇప్పబోతే ఇప్పనివ్వలేదు. ఆ సెయ్యి ఆసుపత్రిలోనూ ఇప్పలేదు, ఇంటికొచ్చేక ఎప్పటికో ఇప్పింది. తరవాత ఏటా దసరాకి అందరం బళ్లకి బొట్లు పెట్టి నిమ్మకాయలు కట్టుకుంటాం కదా, ఆవిడ బయటికొచ్చీది కాదు. వంటింట్లో పీట మీద ఆ పిడి పెట్టి, పసుపు రాసి, బొట్టెట్టుకునీది. నువ్వు సిన్నప్పుడు, 'అమ్మమ్మా, ఇదేటి సుత్తా' అని అడిగేవు కూడా. ఆవిడ పోయేక అది మీ అమ్మకొచ్చింది. నువ్వు ఎగతాళి సేస్తావు కదా, అమ్మ బ్యాగులో రాళ్లు మోస్తాదని? బస్సెక్కినా, రైలెక్కినా, మీ నాన్న కారెక్కినా? అదేరా. పొద్దుట్నుంచీ అదే ఎతుకుతంది. వారం నుంచి నీ కారెక్కమంటే నడుం నొప్పంటందే, నడుం నొప్పీ కాదు ఏటీ కాదు.

నీకు సెప్తే నువ్వు నవ్వుతావని మీ అమ్మ సెప్పలేదు. అది కాదు, నీకు సెప్తే నీకూ ఈ భయం అంటుకుంటాదని సెప్పలేదు. నేను సెప్పీసేను. అంటుకుంటే అంటుకోనీ. అటు సూడు, మబ్బెలా కమ్మేస్తందో. ఇప్పుడు మనమెల్లే గృహప్రవేశం ఎక్కడ, చీడికాడ కాదా? నీ టీవీలో ఆ నీలం గీత ఎటునుంచెల్తందో సూడు. ఏదీ, ఇంకా పెద్దది సెయ్యి. అదుగో. అదే గెడ్డ. అదే చప్టా, కొట్టుకుపోతే మళ్లీ అక్కడే పోసేరు. పది నిమిషాలు తక్కువంటందా? దానికేం తెలుసురా, అది ఎప్పుడైనా తడిసిందా? నా మాట విను నాయనా, గంట ఎక్కువైనా పెద్దరోడ్డునే పో. ఇప్పటి కార్లు అలాక్కాదంటావు, నిజమే కావచ్చు, మీ తాతా అలాగే అనీవాడు. ఒక్కటి సెయ్యి నాకోసం. మీ అమ్మ పక్క అద్దం దించి ఉంచు. జల్లు కొడితే కొట్టనీ. ఆ ప్లాస్టిక్ పీకి అవతల పారీ, సీటు తడిస్తే తడవనీ, దాన్ని మాత్రం ఎత్తమనకు. ఎత్తమన్న మాట నీ నోటంట రాకూడదు.

ఊరుకో, వస్తంది. దొరికినట్టుంది, బ్యాగు ఎలా గుండెలకి పట్టుకుందో సూడు. ఏటీ ఎరగనట్టుండు. రా అమ్మా సిన్నారీ, నేను ఎనక్కెల్తాలే, నువ్వు ముందు కూకో. మెల్లిగా. తలకాయ సూసుకో. ఒరే సన్నీ... సెవి ఇటియ్యి, అటు తల తిప్పకు, ఊరికే కనిపెట్టు. మీ అమ్మ ఎడం సెయ్యి. తలుపు మీద తడుముతంది సూసేవా, పిడి ఉండేసోట? ఏటీ లేదు పాపం అక్కడ, నున్నగా ఉంది. ఒరే, ఆ అద్దం దించరా. బేగి దించు.

ఆ. అమ్మా, ఇడ్లీ తిన్నావా?