తెల్ల రంగు మీది నంబరు

అమీర్‌పేట మెట్రో కింద టీ బండి దగ్గర, తన భార్య పనిచేసిన భూగర్భశాస్త్ర ప్రయోగశాలలో రాళ్లు కోసే మనిషి చేతిలో ఒకాయన ఆకుపచ్చని రాయి పెట్టాడు.

“మా ఆవిడ ఏరిన చివరి రాయి. భూమి లోపల నూట యాభై కిలోమీటర్ల నుంచి పైకొచ్చిందట.”

“కోస్తేనే గా లోతు సంగతి తెలుస్తది సార్. వెలుగు అవతలికి పోయేంత పల్చగ కొయ్యాలె.”

“రాయికి పూసిన ఈ తెల్ల రంగు మీద నంబరు తనే రాసింది. ఆస్పత్రికి వెళ్లే ముందురోజు.”

“ఫికర్ చెయ్యకుండ్రి. ఇంకో దిక్కు నుంచి కోస్త. నంబరున్న ముక్క మీకే తెచ్చిస్త.”

“ఇబ్బంది కాదు కదా?”

“ఎప్పుడు గట్లనే కోస్త సార్. నంబరుకు రంపం తగిలితే మేడమ్ మస్తు తిడుతుండె.”

“ఏమని తిట్టేది? ఇంకో టీ తాగుతూ చెప్పండి.”