పవర్ బ్యాంకు మీది అంకె

నిన్న తెల్లారింది మొదలు ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురుస్తోంది. కరెంటు లేదు. వంతెన మునిగింది. దానికి అవతల ఆసుపత్రిలో అతని భార్యకు ఇవాళ పురిటి ఆపరేషన్. ఇంట్లో అతనూ, ఆమె తమ్ముడూ మిగిలారు.

"ఈ పవర్ బ్యాంకు ఇరవై వేల ఎంఏహెచ్‌దన్నావు కదా బావా, ఒక్క ఫోనుకే చేతులెత్తేసిందేం?"

"దాని మీద అంతే రాసుందిరా."

"రాస్తే సరా? పట్టుకు చూడు, ఖాళీ సబ్బుపెట్టెలా ఉంది. అంత బ్యాటరీ ఉంటే బరువుండదూ?"

"మీ అక్క పదివేలదే తీసుకోమంది. ఇటుకరాయిలా ఉందని నేనే నవ్వాను."

"అదే నికార్సైంది. మంచిదాంట్లోనూ మూడో వంతు ఛార్జి దారిలోనే పోతుంది. ఫోనుకి నిజంగా అందేదెంతో వెనకాల చిన్నక్షరాల్లో వేస్తారు. దీని మీద ఆ ముక్కే లేదు."

"పాఠం తర్వాత చెబుదువుగాని. నా ఫోన్లో ఎంతుంది?"

"మూడు శాతం. నాది పొద్దున్నే చచ్చింది. ఇప్పుడే ఆసుపత్రికి చేసి అడగనా?"

"ఇప్పుడే లోపలికి తీసుకెళ్లుంటారు. ఏం చెబుతారు?"

"వాళ్లే చేస్తే?"

"అందాకా అది బతకదు. ఆపెయ్. సాయంత్రం మనమే చేద్దాం. ఒక్క మాటకి సరిపోతుందా?"

"సరిపోవాలి."

"సరిపోతుందా అని అడిగాను."

తమ్ముడు ఫోను ఆపేశాడు. బావ రెండు కంచాల్లో అన్నం పెట్టాడు. ఇద్దరూ తలెత్తకుండా తిన్నారు.